సిస్టరుకు చెప్పాల్సిన మాట

మనిషికి చేసిన తప్పును దేవుడి దగ్గర ఒప్పుకుంటే సరిపోతుందా అన్న అనుమానం తాతయ్యను ఇరవై ఏడేళ్లుగా వదల్లేదు. రోజూ పొద్దున్నే పూజగదిలో కళ్లు మూసుకుని ఒప్పుకుంటూనే ఉన్నాడు. దేవుడు కాదనలేదు, అలాగని అవుననీ అనలేదు.

అప్పట్లో కూతురిని బడిలో వేసేముందు ఆస్పత్రిలో టీకా వేయించాడు. ఆ రాత్రి పిల్ల ఒళ్లు కాలిపోయింది. తెల్లారగానే వెళ్లి, వరసలో ఉన్న తల్లులందరి ముందూ నర్సును పట్టుకుని కడిగేశాడు. "నా బిడ్డకి ఏం పొడిచావు? ఏమైనా చదువుకునే వచ్చావా ఈ పనికి?" ఆ అమ్మాయి ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు. తీరా ఇంటికొస్తే కూతురు మంచం మీద గంతులేస్తోంది.

ఆ తర్వాత ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. ఇంట్లో ఎవరికి టీకా అన్నా పని అడ్డొచ్చేది. పుస్తకాలకు బైండింగ్ చేస్తాడు కాబట్టి "జిగురు ఆరిపోతుంది" అనేవాడు. ఇరవై ఏడేళ్లుగా ఆ జిగురు ఆరిపోతూనే ఉంది.

ఇవాళ తప్పలేదు. మనవరాలిని బడిలో చేర్చడానికి ఇదే ఆఖరి రోజు. టీకాల కార్డూ, డాక్టరు సంతకం చేసిన కాగితమూ చూపించందే చేర్చుకోరు. కూతురికి సెలవు దొరకలేదు. పైగా కార్డుతో ఇంకో చిక్కు. భద్రంగా ఉంటుందని దాన్ని దీపం కింద పెట్టింది ఆయనే. నూనె కారి ఒక గడిలో తేదీ అలుక్కుపోయింది.

మనవరాలితో ఆస్పత్రి హాల్లో అడుగుపెట్టగానే ఆనాటి నర్సు గొంతు గుర్తుపట్టాడు. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది, గొంతు మాత్రం అదే. తాతయ్య వెళ్లి చిట్టచివరి కుర్చీలో కూర్చున్నాడు.

"తాతయ్యా, ఎవరికి కనపడకూడదని?"

"ఎవరికని ఏముందే? ఇక్కడ గాలి బాగా వస్తోంది."

"ఫ్యాను అక్కడుంది కదా!"

ముందు డాక్టరు పిలిచాడు. ఎత్తు కొలవబోతే పిల్ల మునివేళ్ల మీద నిలబడింది.

"మడమలు కింద పెట్టమ్మా."

"పెడితే పొట్టిదాన్నైపోతాను."

డాక్టరు నవ్వి, భుజాల మీద మెల్లగా నొక్కి కొలిచాడు. బరువు, కళ్లు, చెవులు, పళ్లు అన్నీ చూసి, బాగానే ఉన్నాయని సంతకం పెట్టాడు. ఇక మిగిలింది సిస్టర్ గది.

ఆవిడ కార్డును వెలుతురుకు పట్టుకుని చూసింది. "ఇదేంటన్నయ్యగారూ, కార్డుకి తలంటారా?"

"దీపం కింద పెట్టానమ్మా."

"మీ భక్తి బాగానే ఉంది. తేదీ లేకపోతే ఆ డోసు మళ్లీ వేయాలి. ఇవాళ్టిదాంతో కలిపి రెండు పోట్లు."

పిల్ల పెదవి వణికింది. సిస్టర్ అది చూసింది. "ఉండవే, అప్పుడే ఏడవకు" అంటూ లేచి, బీరువాలోంచి పాత రిజిస్టర్లు దించింది. బయట వరస పెరుగుతున్నా ఒక్కో పేజీ తిప్పింది. మూడో రిజిస్టరులో వేలు ఆగింది.

"దొరికావు! ఒక్క సూదే."

కార్డు మీద తేదీ రాసి ముద్ర వేసింది. సూది దిగింది, వచ్చింది. "అయిపోయిందా?" అంది పిల్ల, కొంచెం నిరాశగా.

తాతయ్యకు కాలు కదల్లేదు. ఈ మనిషినా తను అంత మాట అన్నది! ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"సిస్టర్, మీతో ఓ మాట" అని మొదలుపెట్టి, ఆనాటి సంగతంతా చెప్పేశాడు.

ఆవిడ ఆలోచించింది. "గుర్తులేదన్నయ్యగారూ. నన్ను తిట్టింది ఒకళ్లా, ఇద్దరా? అందులో మీరెక్కడున్నారని వెతకను?"

తాతయ్య ఒక్క క్షణం తెల్లబోయాడు. "మీకు లేకపోయినా నాకు గుర్తుందమ్మా. తప్పు నాది. క్షమించండి."

ఆవిడ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "తిట్టడానికి తిరిగొచ్చినవాళ్లు బోలెడుమంది. ఈ మాట చెప్పింది మీరొక్కరే."

అంతలో తలుపు దగ్గర గొడవ. ఒక కుర్ర తండ్రి పసిపిల్లను భుజాన వేసుకుని, "నిన్న సూదేశారు, రాత్రంతా జ్వరం! ఎవరు జవాబు చెబుతారు?" అని కేకలేస్తున్నాడు.

సిస్టర్ కళ్లజోడు పైనుంచి తాతయ్యను చూసింది. "నేను చెబితే వినడు. మీ బాకీ తీర్చుకుంటారా?"

ఇన్నేళ్లూ దేవుడు పలకకపోవడం, తనను ఇటు పొమ్మనడమేనేమో అనిపించింది తాతయ్యకు. వెళ్లి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబూ, మా అమ్మాయికీ ఇలాగే వచ్చింది. పొద్దెక్కేసరికి తగ్గిపోయింది. ఇప్పుడు దాని కూతురికీ టీకా వేయించాను."

"మరి అప్పుడు మీరేం చేశారు?"

"నీకంటే గట్టిగా అరిచాను. ఆవిడ చెప్పేది మాత్రం వినలేదు. నువ్వైనా విను."

కుర్రాడి భుజాలు దిగాయి. పిల్లను సిస్టర్ ముందుకు తెచ్చి, ఈసారి నెమ్మదిగా, "ఏం చెయ్యమంటారు సిస్టర్?" అన్నాడు.

ఆవిడ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూనే, రెండో చేత్తో తాతయ్యకు వీధి చూపించింది. "ఇక వెళ్లండన్నయ్యగారూ, బడి మూసేస్తారు. మీ లెక్క సరిపోయింది."