దండెం మీద ఏడుగురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పేటలో అందరూ అంటారు. అననివ్వండి, నేనేం కాదనను. కానీ ఆ రోజు పొద్దున్న లక్ష్మయ్య మావయ్య ఇంటి ముందు నేను చేసిన పనిని కూడా ఆ కోపం ఖాతాలోనే వేస్తే మాత్రం ఊరుకోను. నేను నిలబడ్డ చోట నిలబడి, ఆ దండెం చూసి, అప్పుడు మాట్లాడమనండి ఎవరినైనా.

మా ఆయన పేరు దుర్గాశ్రీనివాస్. లక్ష్మయ్య మావయ్య బోటు మీద వేటకెళ్తాడు. మావయ్యంటే నాకు సొంత మావయ్యేం కాదు, బోటున్న పెద్దమనిషి కాబట్టి పేటంతటికీ మావయ్యే. ఆ బోటులో మొత్తం ఏడుగురు. మావయ్య కొడుకు శ్రీకృష్ణ, మా ఆయన, ఇంకో అయిదుగురు. దీపావళి అయిన నాలుగో రోజున వెళ్ళారు. మర్నాటి సాయంత్రం నుంచీ టీవీలో వాయుగుండం, వాయుగుండం అని ఒకటే గోల. బందరు రేవు నుంచి వెళ్ళిన బోట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చేశాయి. మా వాళ్ళది రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. మూడు రోజులు చేశాను, మూడు రోజులూ స్విచ్ఛాఫే.

మా అత్త సుబ్బాయమ్మ ఆటోలో గుడివాడ, పామర్రు తిరిగి చేపలమ్మే మనిషి. నోరు తెరిచిందంటే వీధి చివరిదాకా వినిపించాలి. అలాంటావిడ మూడు రోజులు గంప బోర్లించి, గుమ్మంలో కూర్చుని, ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను తిట్టినా బావుండుననిపించింది. నాకు గాలివాన కన్నా ఆవిడ మౌనమే ఎక్కువ భయం పెట్టింది.

నాలుగో రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి, కబురేమన్నా తెలిసిందేమో కనుక్కుందామని మావయ్య ఇంటికి బయల్దేరా. వాన కాస్త తెరిపిచ్చింది. గాలి మాత్రం ఒంటి మీద చీర నిలవనివ్వడం లేదు. మలుపు తిరిగి వాళ్ళ వాకిట్లోకి చూశా.

దండెం మీద తెల్లటి బొమ్మలు వేలాడుతున్నాయి. గుండ్రటి తల, మెడ దగ్గర బిగించిన దారం, కింద కుచ్చులు కుచ్చులుగా ఒళ్ళు. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. గాలికి అన్నీ ఒకేవైపు ఊగుతున్నాయి. లెక్కపెట్టా. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ లెక్కపెట్టా. ఏడు.

మీకు తెలియదు కాబట్టి చెప్తున్నా. సముద్రంలో పోయినవాడు దొరక్కపోతే, తెల్లగుడ్డతో మనిషి బొమ్మ చేసి, దాన్నే సాగనంపడం మా పేటలో పద్ధతి. ఏ బోటు మీద వెళ్ళాడో ఆ బోటు వాళ్ళ వాకిట్లోనే ఆ బొమ్మ చేయాలి. దానికి మొహం పెట్టరు. మొహం పెడితే వాడు వెళ్ళడు, ఇక్కడిక్కడే తిరుగుతుంటాడంటారు. మా మావగారిని అలాగే సాగనంపారు, నేను కాపురానికి రాకముందు.

అరిచా చూడండి, నా అరుపుకి చుట్టుపక్కల ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి. మావయ్య నోట్లో బ్రష్షు పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఏంటే మాధవీ, ఏమైందే?"

ఆ బ్రష్షు చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది. మా వాళ్ళని ముంచేసి తీరిగ్గా పళ్ళు తోముకుంటున్నాడు!

"నన్నడుగుతావా మావయ్యా? ఏడు బొమ్మలు చేయించి దండేనికి కట్టి, మాకో మాట చెప్పాలని తోచలేదా? మేం మనుషులం కాదా?" అంటూ రెండు చేతులూ అరుగు స్తంభానికేసి కొట్టా. గాజులన్నీ పగిలిపోయాయి. మెడలోంచి పుస్తెలతాడు లాగి, "ఇదిగో, ఇది కూడా నువ్వే ఉంచుకో!" అని ఆయన మొహం మీదికి విసిరా. ఆయన తల వంచాడు. అది వెళ్ళి పక్కనున్న కాలువలో పడింది. సముద్రం నుంచి ఎగదన్నిన పోటు నీళ్ళు, ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉన్నాయి. బుడుంగుమన్న చప్పుడు కూడా వినపడలేదు.

ఈలోగా మిగతా అయిదిళ్ళ ఆడవాళ్ళూ పరిగెత్తుకొచ్చారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. దండెం వంక చూశారు, లెక్కపెట్టుకున్నారు, కూలబడిపోయారు. ఒకావిడకి స్పృహ తప్పినంత పనైంది. మా అత్త అందరికన్నా వెనక వచ్చింది. ఏడవలేదు. బొమ్మల్ని ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా చూస్తూ, "మా ఇంట్లో రెండోది," అంది. అంతే.

అప్పుడొచ్చింది లోపల్నుంచి దివ్యశ్రీ. మావయ్య కోడలు, శ్రీకృష్ణ పెళ్ళాం. జుట్టు విరబోసుకుని, ఒక చేతిలో క్రోషా సూది, ఇంకో చేతిలో దారం ఉండ. మమ్మల్ని చూసి బిక్కచచ్చిపోయింది.

"అక్కా, ఏంటక్కా? అవి... అవి దెయ్యాలక్కా!"

"ఏంటీ?"

"దెయ్యాలు. గుడివాడ సాయిసుధ మేడమ్ ఆర్డరిచ్చారు. గుమ్మానికి కట్టుకునే దండ. ఈ నెలాఖర్న ఏదో పండగంట, వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పిల్లలంతా దెయ్యాల వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడుగుతారంట. ఏడు దెయ్యాలు, మధ్యమధ్యలో గుమ్మడికాయలు, గబ్బిలాలు. నారింజ రంగు దారం ఇంకా రాలేదు, అందుకని ముందు తెల్లవి అల్లేశా. కుచ్చులు నిలబడాలని గంజి పెట్టి, వాన తగ్గింది కదాని ఆరేశా. ఆరాక కళ్ళు కుట్టాలి."

కొయ్యబారిపోయి నిలబడ్డాం. చివరికి మా అత్త నోరు తెరిచింది, మూడు రోజుల తర్వాత మళ్ళీ వీధి చివరిదాకా వినిపించేలా.

"గుమ్మానికి మావిడాకులు కడతారు గానీ, దెయ్యాల్ని కడతారంటే? డబ్బులిచ్చి మరీ?"

ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం. నాకు మాత్రం చెయ్యి లేచింది. "నీ దుంప తెగ! మొగుడు సముద్రం మీదుంటే దెయ్యాలు అల్లుతూ కూర్చున్నావా? నువ్వసలు ఆడదానివేనా?" అన్నా.

"చేతులు ఊరుకోవడం లేదక్కా," అంది అది. "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది. సూది పట్టుకుంటే కాసేపు ఏం గుర్తురాదు. ఆవిడ ఏడడిగారు, నేను ఏడల్లా. అంతే అక్కా..." అంటూ దండెం వైపు తిరిగింది. దాని పెదాలు కదులుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. ఏడో దాని దగ్గర చేతిలో సూది జారి కిందపడింది. అప్పటిదాకా దానికా లెక్క తట్టనే లేదండీ. నా ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పీకేస్తా," అని పరిగెత్తింది. "ఒక్క కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడిపోతుంది. పీకేస్తా అక్కా."

"వద్దు!" అని ఏడుగురమూ ఒకేసారి అరిచాం. ఎలా పీకనిస్తాం? ఒకసారి వాళ్ళే అనుకున్నాక, అందులో ఒకటి మా ఆయనే అనుకున్నాక, కళ్ళ ముందు దారం దారంగా లాగేస్తుంటే చూస్తూ ఊరుకుంటామా? పోనీ అలాగే వేలాడనిద్దామా అంటే అదీ కుదరదు. కాల్చెయ్యమంది ఒకావిడ, మిగతా వాళ్ళు ఆవిడ మీద పడ్డారు. కాలువలో వెయ్యమన్నాడు మావయ్య. "నువ్వు లోపలికి పో!" అన్నా. పాపం, వెళ్ళిపోయాడు.

అంతలో మళ్ళీ వాన. బొమ్మలు తడుస్తున్నాయి. ఎవరు ముందు కదిలారో గుర్తులేదు గానీ, అందరం ఎగబడి తలా ఒకటి దండెం మీంచి తీసి, కొంగుల్లో పెట్టుకుని అరుగెక్కాం. తుడుస్తున్నాం. దెయ్యం బొమ్మల్ని, చంటిపిల్లల్ని తుడిచినట్టు.

మా అత్త నా చేతిలో బొమ్మ వంక చాలాసేపు చూసింది. "దివ్యా, నల్లదారం తేవే," అంది. "మొహాలు కుట్టు. మొహం పెడితే వెళ్ళరు కదా. మొహం పెట్టేసెయ్, ఎలా వెళ్తారో చూస్తా."

ఆ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. దివ్య సూదిలో దారం ఎక్కించి కూర్చుంది. మా ఆయనకి మీసం గుబురుగా ఉంటుందని ఒకావిడ. మా ఆయన కళ్ళు చిన్నవని ఒకావిడ. నా వంతొచ్చింది. "ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది, కొక్కెం గీరుకుంది," అన్నా. దివ్య అక్కడ కొంచెం ఖాళీ వదిలి కుట్టింది. ఆ ఖాళీ చూసి అప్పుడు ఏడ్చా, అరిచి కాదు, మామూలుగా.

ఇంతలో నా బోసి మెడ గుర్తొచ్చింది. ఓరి దేవుడా, నేనేం చేశాను? మొగుడు సముద్రం మీద ఉండగా ఒడ్డున పెళ్ళాం తల దువ్వుకోవడానికే భయపడుతుందే మా ఇళ్ళల్లో, నేను పుస్తెలు తీసి నీళ్ళలో విసిరానే! అప్పటిదాకా బతికున్నాడేమో, నేనే చంపేశానేమో. కాలువలోకి దిగి మోకాళ్ళ లోతు బురదలో దేవుకున్నా. దొరకలేదు. చేతుల మీద గాజు గాట్లకి ఉప్పునీళ్ళు తగిలి భగ్గుమంటున్నాయి.

"దారానికి పసుపుకొమ్ము కట్టుకోవే," అంది అత్త ఒడ్డు మీంచి. "తెగితే అందరూ అలాగే చేస్తారు."

"తెగలేదత్తా, తెంపుకున్నా," అన్నా. "ఆయనొచ్చి కట్టాలి. రాకపోతే అక్కర్లేదు."



పదకొండు దాటాక ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే సాల్మన్ రాజు బండి మీద వచ్చాడు, వానలో తడిసి ముద్దయి. బండి దిగకుండానే అరిచాడు. "ఏడుగురూ ఉన్నారంట! ఇంజను చెడిపోయి గాలికి కొట్టుకుపోయారంట. నాగాయలంక దగ్గర ఒడ్డుకి చేరారు. సాయంత్రానికి వచ్చేస్తారు!"

ఎవరి బొమ్మ వాళ్ళం గుండెకి హత్తుకుని ఏడ్చాం. ఆ ఏడూ ఇప్పుడు మా మా ఇళ్ళల్లోనే ఉన్నాయి లెండి. గుడివాడ మేడమ్‌కి దివ్య వేరే ఏడల్లి పంపింది. మొదటివి ఏమయ్యాయో ఆవిడకి చెప్పలేదు.

నాలుగింటికి ఆటోల్లో దిగారు. మా ఆయన ఎవరిదో చొక్కా వేసుకున్నాడు, భుజాల మీంచి జారిపోతోంది. నన్ను చూసి నవ్వబోయి ఆగాడు. చేతులు చూశాడు. మెడ చూశాడు.

"గాజులేవే?"

"పగలగొట్టా."

"ఎందుకు?"

"నువ్వు చచ్చిపోయావని."

"అయ్యో, నిన్న సాయంత్రమే ఒడ్డుకి చేరాం కదే," అన్నాడు.

నా చెవులు సరిగ్గా విన్నాయా అనుకున్నా. "నిన్న సాయంత్రమా?"

"ఊఁ. స్కూల్లో పడుకోబెట్టారు. అన్నం పెట్టారు."

"మరి ఫోన్ చేయలేదేం?"

"ఫోన్లన్నీ నీళ్ళలో పోయాయి."

"ఆ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఫోన్ లేదా?"

"ఉంది. చేతిలో పెట్టారు కూడా," అని తల దించుకున్నాడు. "నీ నంబరు గుర్తురాలేదు. పేరు నొక్కడమే గానీ నంబరెప్పుడు చూశాను? మొదటి మూడంకెలు వచ్చాయి. మిగతావి ఏవో కొడితే ఎవరెవరికో వెళ్ళింది. ఒకావిడ తిట్టింది. మా ఏడుగురిలో ఒక్కడికీ ఇంట్లోవాళ్ళ నంబరు నోటికి రాలేదే. శ్రీకృష్ణకి ఐస్ ఫ్యాక్టరీ నంబరు గుర్తుంది, ఐస్ పెట్టెల మీద పెయింటుతో రాసుంటుంది కదా రోజూ కళ్ళ ముందు. పొద్దుటి నుంచీ చేస్తుంటే పదకొండింటికి ఎత్తారు."

నేను గాజులు పగలగొట్టుకునే వేళకి మా ఆయన నాగాయలంకలో ఉప్మా తింటున్నాడండీ. ఎనిమిదేళ్ళ కాపురం, ఐస్ ఫ్యాక్టరీ పాటి చేయలేదు నేను. చంపేద్దామన్నంత కోపమొచ్చింది. ఆ చంపడానికి మనిషి ఎదురుగా ఉన్నాడు కదాని అంత సంతోషమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో నాకు తెలియలేదు.

అత్త పళ్ళెం తెచ్చింది. దివ్య తెల్లదారం తొమ్మిది పోగులు పేని పసుపు పట్టించింది, మధ్యలో పసుపుకొమ్ము. మా ఆయన తాడు తీసుకుని నా మెడ దగ్గరికి తెచ్చాడు. రెండు మణికట్లూ పట్టుకుని ఆపేశా.

"ముందు నంబరు చెప్పు," అన్నా.

"ఇప్పుడేంటే, అందరూ చూస్తున్నారు..."

"చూడనీ. తప్పు లేకుండా పదంకెలూ చెప్తేనే మెడ వంచుతా."

అత్త కూడా నా వైపే. "చెప్పరా," అంది. దివ్య తన ఫోన్లో చూసి చదివింది. ఆయన చెప్పాడు, ఏడో అంకె దగ్గర తప్పాడు. మళ్ళీ చెప్పించా. మళ్ళీ తప్పాడు. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది. వెనక మిగతా ఆరుగురు మగాళ్ళూ వాళ్ళ పెళ్ళాల్ని గొంతు తగ్గించి ఏదో అడుగుతున్నారు, వాళ్ళు ఒక్కో అంకే చెప్తున్నారు.

మెడ వంచా. ఒక ముడి వేశాడు. రెండో ముడి వేశాడు. వేస్తున్నంతసేపూ నా చెవి వెనక అంకెలు గొణుగుతూనే ఉన్నాడు. మూడో ముడి దగ్గర చేతులాగాయి.

"చివరి రెండూ ఏంటే?" అన్నాడు నెమ్మదిగా.

నేను చెప్పలేదు. అలాగే మెడ వంచి నిలబడ్డా. కాసేపటికి ఆయనే గుర్తుతెచ్చుకుని, గట్టిగా అనుకుని, ముడి వేశాడు.