దువ్వేసిన మేకలు

మా కోడలు సరంగో మేకలను ఇప్పుడే దువ్వనంది. వసంతం వచ్చినా చలిని నమ్మలేమని, గుర్రాల మందతో అవతలి లోయకు వెళ్ళిన మా అబ్బాయి పురెవ్ తిరిగొచ్చేదాకా ఆగుదామని అంది. నేనే ఊరుకోలేదు. పక్క గుడారం వాళ్ళు అప్పటికే తమ మేకల బొచ్చు దువ్వి మూటలు కట్టేశారు. ఆ గుడారపు ముసలిది మా దొడ్డి వైపు చూసి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఎండ చూడు ఎలా కాస్తోందో. నువ్వు కదిలేలోపు బొచ్చంతా ముళ్ళకంపల పాలవుతుంది" అన్నాను.

"ఆయన ఆగమన్నారు అత్తయ్యా."

"వాడికి దువ్వెన పట్టడం నేర్పింది ఎవరనుకున్నావ్?"

సరంగో దువ్వెన తీసుకుంది. మేకలకు చలి ఆపే మెత్తటి లోబొచ్చంతా ఊడొచ్చింది.

ఆ వారంలోనే మంచు తుఫాను వచ్చిపడింది. ముందు దుమ్ము, వెనకే మంచు. ఎదురుగా ఉన్న దొడ్డి కనపడలేదు. సరంగో నడుముకు తాడు కట్టుకుని వెళ్ళి, పట్టినన్ని మేకలను గుడారంలోకి ఈడ్చుకొచ్చింది. మిగిలిన వాటి మీద కంబళ్ళు కప్పింది కానీ గాలికి ఒక్కటీ నిలవలేదు. తెల్లారేసరికి దొడ్డిలోని, ఇంకా ఉన్ని తీయని గొర్రెలు లేచి మంచు దులుపుకున్నాయి. బయటున్న మేకలు లేవలేదు.

పురెవ్ వచ్చాడు. చచ్చిన మేక వీపు తడిమి చూసి, లోపలికొచ్చి పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే ఆగమని. నీ చేతులు ఊరుకోలేదా?"

ఆ చేతులు చలికి పగిలి నెత్తురు కారుతున్నాయి. సరంగో నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "తప్పే" అంది. ఉప్పు టీ ముందుగా నాకే పోసింది. నేను తేలు కుట్టిన దొంగలా ఆ గిన్నె పట్టుకుని కూర్చున్నాను. వాడు తిడుతూనే ఉన్నాడు.

"ఒరేయ్, దాన్ని అనకు" అన్నాను చివరికి. "దువ్వమన్నది నేను."

వాడు బూట్లకున్న మంచు దులుపుకుంటూ, "తెలుసమ్మా" అన్నాడు.

"తెలిసీ దాన్నెందుకు తిట్టావురా?"

"నిన్ను తిట్టలేక."

సరంగో గరిటె కింద పెట్టి, చచ్చిన మేకలను ఈడ్చడానికి బయటికి వెళ్ళింది. నేనూ లేచి వెనకే వెళ్ళాను.

"మీకు చలి అత్తయ్యా, లోపలుండండి" అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.