నూట నలభై మూడో రోజు

విదేశీ విద్యార్థుల బిల్లులను ఎడమచేత్తో ఒక్కొక్కటే తిప్పుతూ, ఆవిడ కుడిచేత్తో కూడికలు సరిచూస్తోంది. బస, భోజనం, యూనిఫాం, కాల్చిన తూటాలు. ఆ మిలిటరీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. బయటి దేశాలు పంపిన విద్యార్థుల శిక్షణకు ఎంత ఖర్చయిందో లెక్కగట్టి, ఆ దేశాల నుంచి రాబట్టాలి. నిక్కచ్చి మనిషని అందరూ 'తక్కెడమ్మ' అంటారు. ఆ మాట వినబడితే బొద్దు భుజాలు ఎగరేస్తుంది తప్ప కోప్పడదు.

పదకొండో బిల్లు దగ్గర వేలు ఆగింది. నది దాటే అభ్యాసంలో, నూట నలభై మూడో రోజున మునిగి చనిపోయిన కుర్రాడిది. ఆఫీసరు తిరగరాయించిన ఆ బిల్లు మాత్రం ఏడాది మొత్తానికి ఉంది. కింద మరో రెండు పద్దులు: నీళ్లలో పోయిన తుపాకి, శవాన్ని వెతికిన పడవ కిరాయి.

ఆ కుర్రాడు ఒకసారి ఈ బల్ల దగ్గరికే వచ్చి, "నా మీద ఎంతవుతోందమ్మా?" అని వచ్చీరాని భాషలో అడిగాడు. చెబితే నవ్వేశాడు. "మా ఊరంతా అమ్మినా రాదు. నేను కోర్సు పూర్తిచేయకపోతే మా ప్రభుత్వం ఇదంతా మా నాన్న దగ్గరే వసూలు చేస్తుంది" అన్నాడు.

ఆవిడ బిల్లు తీసుకుని ఆఫీసరు గదికి వెళ్లింది.

"ఇది తప్పండీ. చనిపోయాక రెండువందల ఇరవై రెండు రోజులు ఎవరికి పాఠం చెప్పాం?"

"సీటు ఖాళీగా ఉండిపోయిందిగా. మీరు సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా."

"రూల్లో 'ఇచ్చిన శిక్షణకు' అని ఉంది. ఆ రూలు టైపు చేసింది నేనే."

ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదు. ఈ మొండితనంతో బూట్ల గోడౌనుకి పోతారు."

"బూట్లయితే జతకు జత సరిపోతాయి. పోతానండీ."

తిరిగొచ్చి ఎర్ర సిరాతో మూడు పద్దులూ కొట్టేసి, ఏడాది మొత్తం బదులు నూట నలభై మూడు రోజుల లెక్క వేసింది. ఒక్కో కొట్టివేత పక్కన సంతకం చేసి, తనే డిస్పాచ్ గదికి తీసుకెళ్లింది.

"ఆఫీసరుగారు చూశారా అక్కా?" అన్నాడు డిస్పాచ్ గుమాస్తా.

"చూశారు. ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ బిల్లులు నా సంతకంతోనే వెళ్లాయి, ఇదీ వెళ్తుంది. తప్పయితే నన్నే అడుగుతారులే."

అతను కవరుకి జిగురు రాశాడు. మధ్యాహ్నం టపాలో అది వెళ్లిపోయింది. ఆ వెనకే బదిలీ ఉత్తర్వు వచ్చింది.

గోడౌను పరేడ్ మైదానానికి అవతల ఉంది. గుమాస్తాలు మైదానం చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆవిడ నడిమధ్య నుంచే, ఎండలో, నింపాదిగా నడిచింది. డ్రిల్లు చేస్తున్న వరసలు ఆగి దారిచ్చాయి.

ఖాళీ అయిన బల్ల మీద 'పూర్తి మొత్తం వసూలు చేయాలి' అనే రబ్బరు స్టాంపు వెల్లకిలా పడి ఉంది, ఆ రోజు సిరా అంటకుండానే.