బ్యాలెట్ వెనక వైపు

మెర్ల్ దవడ మంగళవారం పొద్దున విరిగింది, వాడింకా ఓటు వేయకముందే. విరగ్గొట్టింది సొంత తమ్ముడు డర్వుడ్.

అంతకు ముందురోజే నేనూ మెర్లూ కౌంటీ ఆఫీసులో పెళ్లికి దరఖాస్తు పెట్టాం. పదమూడేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటూ పందులు పెంచుతున్నాం. ఇద్దరు మగవాళ్లు కూడా పెళ్లాడొచ్చని మా అయోవా రాష్ట్రపు పెద్ద కోర్టు నిరుడే తీర్పు చెప్పినా, కోతలయ్యాక చూద్దాంలే అని నేనే సాగదీశాను. ఈలోగా తీర్పు చెప్పినవాళ్లలో ముగ్గురు జడ్జీలు పదవిలో ఉండాలా వద్దా అన్న ఓటు వచ్చిపడింది. తీర్పు ఎక్కడికీ పోదని లాయర్లు అన్నారు. కానీ వీళ్లు పోతే గవర్నరు కొత్తవాళ్లను కూర్చోబెడతాడు. వాళ్లేమంటారో ఎవరు చూడొచ్చారు? పెళ్లి కాగితం చేతికి రావాలంటే మూడు రోజులు ఆగాలి. శుక్రవారం రమ్మన్నారు.

జడ్జీల ప్రశ్న బ్యాలెట్ వెనక వైపు ఉంటుంది. మా రైతులెవరూ వెనక్కి తిప్పరు. ముందు వైపు నింపి, మిషన్లో వేసి, పనికి పోతారు. ముప్పై ఏళ్లుగా నేనూ అంతే.

"తిప్పాలి, హాలిస్. మర్చిపోకు," అని మెర్ల్ దారంతా నస పెట్టాడు.

"ఎన్నిసార్లు చెబుతావ్? నాకేమన్నా చెవుడా?"

ఓట్లు ఫైర్ స్టేషన్లో. రోడ్డుకి అవతల డర్వుడ్ సమ్మెటతో గుంజలు దిగ్గొడుతున్నాడు. వాటి మీద అట్టలు: 'వెనక్కి తిప్పండి. ముగ్గురూ వద్దనండి.'

"వదినగారు కూడా వచ్చిందే!" నన్ను చూసి అరిచాడు. "పందుల కంపు ఇక్కడిదాకా కొడుతోందమ్మా, స్నానం చెయ్యలేదా?"

మెర్ల్ ట్రక్కు ఆపి అద్దం దించాడు. "పొద్దున్నే ఏంట్రా తమ్ముడూ ఇది? పోయి కాఫీ తాగు."

"శుక్రవారం పెళ్లంటగా? ఊరందరికీ తెలుసు, నాకు తప్ప."

"నీకు చెబితే పిలవాల్సొస్తుందని."

డర్వుడ్ రోడ్డు దాటొచ్చి, చేతిలో గుంజ ఎత్తి కిటికీలోంచి పొడిచాడు. మెర్ల్ పళ్లు రెండు స్టీరింగు దాకా వచ్చి పడ్డాయి. మళ్లీ పొడిచాడు. నేను దిగి ట్రక్కు చుట్టూ తిరిగొచ్చేసరికి డర్వుడ్ తలుపు తీసి, మెర్ల్ మెడ పట్టి బయటికి లాగుతున్నాడు.

"మరిదీ, చెయ్యి తియ్యి," అన్నాను.

తియ్యలేదు. తలుపు వేశాను. చెయ్యి మధ్యలోనే ఉంది. మళ్లీ వేశాను. పందుల్ని కోసినవాడికి ఎముక చప్పుడు తెలుసు. అది రెండోసారికి వినపడింది. డర్వుడ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. ఫైర్ స్టేషనువాళ్లు వచ్చి వెనక్కి లాగేదాకా బూటుతో డొక్కలో తన్నుతూనే ఉన్నాను.

షెరీఫు మనిషి వచ్చి మా పేర్లు రాసుకున్నాడు, తరవాత పిలుస్తానన్నాడు. అంబులెన్సులో ఎక్కిస్తుంటే మెర్ల్ నా చొక్కా పట్టుకున్నాడు. నోట్లోంచి నెత్తురు తప్ప మాట రాలేదు. వేలితో స్టేషను తలుపు చూపించాడు. తరవాత అరచెయ్యి తిరగేసి చూపించాడు.

లోపలికి పోయాను.

"ముందు చేతులు తుడుచుకో, కాగితం పాడవుద్ది," అంది బ్యాలెట్లిచ్చే ముసలావిడ ఓపల్.

తుడుచుకున్నాను. డర్వుడ్ చచ్చాడేమో అనుకుంటూ గడులు నింపాను. కాగితం మిషన్లోకి జారిపోయాక గుర్తొచ్చింది.

ఆ రాత్రి ఆస్పత్రి టీవీలో చెప్పారు, ముగ్గురు జడ్జీలూ ఓడిపోయారని. మెర్ల్ దవడకి తీగలు బిగించారు. పలక మీద రాశాడు: 'తిప్పావా?'

"తిప్పాను," అన్నాను.

నా ఒక్క ఓటుకి వాళ్లు గెలిచేవాళ్లు కాదు. తేడా వేలల్లో ఉంది. అయినా ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. డర్వుడ్ బతికాడని, చేతికి ఇనుప కడ్డీ వేశారని తెలిసినా సయించలేదు.

శుక్రవారం కౌంటీ ఆఫీసులో మేజిస్ట్రేటు మా ముందు కాగితం పెట్టింది. నేను కలం పట్టుకుని ఆగిపోయాను.

"మెర్ల్, నేను తిప్పలేదు."

వాడు పలక బల్ల మీద పెట్టాడు. గూబ గుయ్యిమనేలా నా చెంప మీద కొట్టాడు. ఆ ఊపుకి వాడి దవడే కదిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంతకీ పెళ్లుందా, లేదా?" అంది మేజిస్ట్రేటు.

"ఊఁ," అన్నాడు మెర్ల్, తీగల మధ్య నుంచి.

కాగితం తన వైపు లాక్కున్నాడు. వెనక్కి తిప్పి, పైనుంచి కిందిదాకా చూశాడు. అక్కడేమీ రాసి లేదు. మళ్లీ తిప్పి, సంతకం పెట్టి, కలం నా చేతికిచ్చాడు.