ఊక లారీ

కమల ఉమ్మిన కఫం నల్లగా ఉంది. మిల్లు డిస్పెన్సరీలో నర్సుని నేను. దాన్ని గుడ్డముక్కలో పట్టి మేనేజర్ తనేజా ముందు పెట్టాను. ఆయన ముక్కు మూసుకున్నాడు.

"బీడీలు తాగుతుందేమో. రేపు విదేశీ కొనుగోలుదారులొస్తున్నారు. దగ్గేవాళ్లు కనపడకూడదు. పంపెయ్. మళ్లీ రానక్కర్లేదని చెప్పు."

ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని ఈ మిల్లులో చిత్తుకాగితాన్ని నానబెట్టి కొత్త కాగితం తీస్తారు. చిత్తులో కలిసొచ్చిన ప్లాస్టిక్‌ను కమలలాంటి ఆడవాళ్లు తొట్టిలోంచి లాగి ఆరబెడతారు. బొగ్గు మానేశాం, ఊక కాలుస్తున్నాం, కర్బనం తగ్గించాం అని గేటుకు ఆకుపచ్చ బోర్డు. బాయిలర్‌లోకి రోజూ పోయేది ఆ ప్లాస్టికే. ఊక లారీ తనిఖీ రోజునే వస్తుంది.

సాయంత్రం టీ బండి దగ్గర అందరూ పోగయ్యారు.

"బీడీ అంట! ఆ యమ్మ బీడీ ముట్టిందేటి?" అన్నాడు బాయిలర్ నడిపే భీమశంకరం. కమలదీ అతనిదీ శ్రీకాకుళం.

"గేటు ముందు బైఠాయిద్దాం," అంది కమలతో పాటు తొట్టి దగ్గర పనిచేసే రామ్‌వతి.

"పోలీసొస్తే ముందు పరిగెత్తేది నువ్వే దీదీ," అన్నారెవరో. నవ్వారు.

కమల నవ్వలేదు. "పోయినేడు తనిఖీకొచ్చినప్పుడు ప్లాస్టిక్ మీద టార్పాలిన్ కప్పిందెవరు? రెండు సమోసాలెట్టి సగం పూట సెలవిత్తే మనమే గదా కప్పినాం. నానే ముందున్నాను. తూ!"

కొందరు తలలు దించుకున్నారు.

"రేపు కప్పకండి," అన్నాడు భీమశంకరం. "రోజూ ఏసిందే ఏత్తాను."

"నౌకరీ పోతుంది భయ్యా!"

"ఊపిరి పోయినాక నౌకరీ ఏం సేసుకుంతావు?"

మర్నాడు కొనుగోలుదారుల వెంట వచ్చిన తెల్ల హెల్మెట్లవాళ్లు చిమ్నీకి పొగ కొలిచే పరికరం తగిలించారు. పొద్దున్నే వచ్చి నిలబడ్డ లారీలోంచి ఊక దింపి వెయ్యమని తనేజా సైగ చేశాడు. టార్పాలిన్ లేని ప్లాస్టిక్ గుట్ట నుంచి ఆడవాళ్లు దాన్ని చేతి నుంచి చేతికి అందిస్తూ బాయిలర్ దాకా వరుస కట్టారు. భీమశంకరం వేస్తూనే ఉన్నాడు. నల్లటి పొగ లేచింది. వచ్చినవాళ్లలో ఒకామె ముక్కుకు స్కార్ఫ్ అడ్డం పెట్టుకుంది.

"మేం రోజూ పీల్చేది ఇదే, మేమ్‌సాబ్," అంది రామ్‌వతి.

ఆమె కారు వైపు నడిచింది. కార్ల అద్దాలు పైకి లేచాయి. వెళ్లిపోయారు.

యంత్రాలు పాడుచేశాడంటూ పోలీసులు భీమశంకరాన్ని ఈడ్చుకెళ్లారు. జీపు మలుపు తిరగకముందే తనేజా డ్రైవర్‌ను కేకేశాడు: "ఊక వెనక్కి తీసుకుపో! ఇంకెవరికి చూపించాలి?"

తాడు కూడా విప్పని ఊకతో లారీ గేటు దాటింది.

దాటి ఆగింది. మిల్లులోకి రానివ్వని కమల రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. హారన్ మోగింది. ఆమె దగ్గింది గానీ తప్పుకోలేదు. లోపలి నుంచి రామ్‌వతి వచ్చింది. ఆమె వెనక షిఫ్టు షిఫ్టంతా వచ్చింది. నేనూ డిస్పెన్సరీ తలుపు వేసి వెళ్లాను.

"లోపలికి పొండి! బాయిలర్ చల్లారిపోతోంది!" తనేజా గొంతు కీచుమంది.

"చల్లారనీ," అంది కమల, లారీ తాడు విప్పుతూ. "ఈ ఊక ఈడే దింపుతాం. బీమన్నని ఇడిసిపెట్టినాక ఆయనే ఒచ్చి బాయిలర్‌లో ముట్టిత్తాడు."

డ్రైవర్ ఒకసారి తనేజా వైపు, ఒకసారి మా వైపు చూశాడు. ఇంజన్ ఆపాడు.