కంపెనీ రాసిన వయసు

సుల్తాన్‌బీ అట్టపెట్టెకు బిగించిన తాళ్లను సూపర్‌వైజర్ గౌస్ తన చేత్తోనే కోసేశాడు.

గల్ఫు దేశంలో, హవల్లీ అనే ఊళ్లో స్కూళ్లు శుభ్రం చేసే ఆడవాళ్లకు కంపెనీ ఇచ్చిన బిల్డింగు అది. గురువారం సాయంత్రం అందరూ కౌగిలించుకుని సాగనంపిన సుల్తాన్‌బీని, ఎయిర్‌పోర్టుకని ఎక్కించుకున్న బండే గంట తిరక్కముందు వెనక్కి తెచ్చి దింపింది. పెట్టెలోంచి దుప్పటి, పాలపొడి డబ్బాలు, మనవడి బూట్లు నేల మీద పడ్డాయి. వాటి మీద గౌస్ నీలం యూనిఫాం పడేశాడు.

"ఆదివారం డ్యూటీకి రా. రూలు మారింది. యాభై అయిదు గాదు, అరవై."

"మాకెవురు జెప్పినారు?" అంది బుడేన్‌బీ.

"రెండేండ్ల కిందటే ఆఫీసులో కాయితం అంటించినాం గదా."

"ఆఫీసు గడప మమ్మల్ని ఎప్పుడన్నా తొక్కనిచ్చినావా, గౌస్ భాయ్?"

గౌస్ కోసిన తాళ్లను కాలితో పక్కకు తోశాడు. సుల్తాన్‌బీ ఏడవలేదు. చిన్న బూట్లు ఏరుకుని కొంగులో పెట్టుకుంది.

యాభై అయిదు నిండిన ఆడమనిషికి టికెట్టు, సర్వీసు డబ్బు మొత్తం చేతిలో పెట్టి ఇంటికి పంపుతామని కంపెనీ చేర్చుకున్నప్పుడే చెప్పింది. ఆ మాట నమ్ముకునే వాళ్లు ఇన్నేళ్లు లెక్కపెట్టుకున్నారు. ఇప్పుడు అరవైకి ముందు పోతే సొంతంగా మానేసినట్టట, సగం డబ్బు పోయినట్టట.

బుడేన్‌బీ రాయచోటి మనిషి. పాస్‌పోర్టు ప్రకారం ఈ ఏటితో ఆమెకు యాభై అయిదు నిండుతాయి. పాతికేళ్లు బాత్‌రూముల్లో బ్లీచు పీల్చి పీల్చి ఆమెకు దగ్గు పట్టుకుంది. ఈ పని మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పేశాడు. ఇంకో అయిదేళ్లంటే ఆమెకు అంకె కాదు, ప్రాణం.

శుక్రవారం పొద్దున కంపెనీ మాట మార్చింది. గొడవ పెరగకుండా కొంత నష్టపరిహారం ఇచ్చి ఇంటికి పంపుతుందట. అయితే నిజంగా యాభై అయిదు నిండినవాళ్లకే. పాస్‌పోర్టులో వయసు చాలదు, ఊరినుంచి పుట్టిన తేదీ రుజువు తెప్పించుకోవాలి. గౌస్ బుడేన్‌బీని వంటగదిలో ఒంటరిగా పట్టుకున్నాడు.

"ఆపా, నీ అసలు వయసు నాకు తెలుసు. నేను నోరు మూసుకుంటా, రుజువు అడగను. నువ్వూ మూసుకో. నష్టపరిహారం కాయితం మీద సంతకం పెట్టు, ఈ నెల్లోనే ఇంటికి పో."

ఆమెకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం.

ఆ మధ్యాహ్నం మిద్దె మీద, ఆరేసిన యూనిఫాంల మధ్య మీటింగు. ముందు లేచింది జగిత్యాల మైసవ్వ.

"ఈ రాయచోటోళ్లతోటే అచ్చింది తిప్పలంత! పాస్‌పోర్టుల దొంగ వయసులు రాపిచ్చుకున్నరు. మీ దొంగ వయసులతోటి మా నోట్ల మన్ను వడ్డది."

"నోరు జాగ్రత్త మైసవ్వక్కా!" అంది రాయచోటి జుబేదా బీ.

"ఏంది జాగ్రత్త? అసలైనోళ్లకు ఇస్తమంటున్నరు. తీసుకుందాం. దొంగలతోటి మాకేం పని?"

మాటకు మాట పెరిగింది. రాయచోటి వాళ్లొక పక్క, తెలంగాణ వాళ్లొక పక్క అయిపోయారు. గౌస్ కోరుకున్నది ఇదేనని బుడేన్‌బీకి తట్టింది. దగ్గు ఆపుకుని లేచి నిలబడింది.

"దొంగ వయసు నాదే. రాసుకోండి. వచ్చేటప్పుడు నాకు ఇరవై రెండు. ముప్పై నిండందే ఆడమనిషిని పంపరన్నారు. ఏజెంటు ఎనిమిదేండ్లు కలిపినాడు. నేను కలపమనలా. నన్నెవురూ అడగలా. ఆ ఏజెంటును మా ఊరికి పంపిందెవురు? ఈ కంపెనీనే. ఇంత లేత మొగాన్ని జూసి, ముప్పై అని రాసుకుని, బకెట్టు చేతికిచ్చింది ఈ కంపెనీనే. ఈ పొద్దు గౌస్ వచ్చి, నోరు మూసుకుంటే నిన్నొక్కదాన్నే పంపుతా అన్నాడు."

మైసవ్వ తల వంచుకుంది. మెల్లగా నవ్వింది.

"నీకు కలిపిండ్రు, చెల్లె. నాకు కోసిండ్రు. నలభై దాటినోళ్లు వద్దన్నరు. పదిహేనేండ్ల కిందటి మాట, నాకప్పుడే నలభై ఆరు. ఏడేండ్లు కోసి రాసిండ్రు."

"అంటే ఇప్పుడు నీకు అరవై ఒకటా?" జుబేదా బీ నోరు తెరిచింది. "కొత్త రూలు గూడా దాటిపోయినావు గదే అక్కా! ఇంగా చీపురెందుకు పట్టుకున్నావు?"

మిద్దె మీద నవ్వు పగిలింది. నవ్వులోనే కోపం కూడా రాజుకుంది. పని కావాలంటే పెంచారు, పని కావాలంటే తగ్గించారు. ఇప్పుడు రుజువు తెమ్మంటున్నారు.

"మమ్మల్ని తీసుకునేటప్పుడు ఒప్పుకున్న వయసుకే పంపేటప్పుడూ ఒప్పుకోవల్ల," అంది బుడేన్‌బీ. "నష్టమిస్తే అందరికీ ఇయ్యాల."

"ఇఖామా కొట్టేస్తే? ఈడ ఉండే పర్మిషనే పోతాది గదా?" అంది జుబేదా బీ.

"ఒక్కదానిదైతే కొట్టేస్తరు," అంది మైసవ్వ. "అందర్ది కొట్టేస్తె ఆదివారం బడి ఎవడు కడుగుతడు? ఆఫీసుల పెద్ద మేనేజరు, ఆ ముదీర్ సాబ్ కడుగుతడా?"

ఆదివారం పొద్దున బస్సులు వచ్చాయి. ఒక్కరూ ఎక్కలేదు. ఆఫీసునుంచి పెద్ద మేనేజరు, వాళ్లు ముదీర్ అనే మనిషి, కారులో దిగాడు. అతని మాటను గౌస్ తెలుగులో అరిచి చెప్పాడు.

"అసలు వయసున్నోళ్లు బస్సుల కాడికి! దొంగ వయసోళ్లు గోడ కాడికి! యల్లా, నడవండి!"

మైసవ్వే ముందు గోడవైపు నడిచింది. పక్కన బుడేన్‌బీ. వెనక సుల్తాన్‌బీ, జుబేదా బీ. ఆ తర్వాత ఎవరు ఎవరి వెనక నడిచారో తెలియలేదు. నిజామాబాద్ రాధ కూడా గోడ దగ్గరికి పోతుంటే గౌస్ అడ్డం వచ్చాడు.

"నీకు ముప్పై అయిదు గూడా లేవు గదమ్మా. నీది అసలు వయసే. నీకెందుకీ గొడవ?"

"ఇయ్యాల అరవై అన్నరు. నా వంతు అచ్చేసరికి డెబ్బై అంటరు. జరుగు."

బస్సుల వైపు గౌస్ ఒక్కడే మిగిలాడు. ముదీర్ ముఖం ఎర్రబడింది. ముందు నడిచిన ఆ ఇద్దరినీ కారెక్కించు, ఖలాస్, క్యాన్సిల్, ఇంటికి పంపేస్తా అని గౌస్‌తో అన్నాడు. మైసవ్వ, బుడేన్‌బీ వెనక సీట్లో కూర్చున్నారు. ఇంటికి పోవాలని ఇన్నేళ్లు కలలు కన్న బుడేన్‌బీకి ఇలా వట్టి చేతులతో పోవడమా అనిపించింది. అయినా తలుపు తీసి దిగలేదు.

కారు కదలబోయింది. దాని ముందు, తారు రోడ్డు మీద, రాధ కూర్చుంది. పక్కన సుల్తాన్‌బీ. నిమిషంలో రోడ్డంతా నీలం యూనిఫాంలే.

"లేవండి!" అరిచాడు గౌస్. "స్కూళ్లు తెరిచే టైమైంది!"

ఎవరూ లేవలేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ముదీర్ చేతిలో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. అతను తెర మీద స్కూలు పేరు చూసి, ఎత్తకుండా నిలబడ్డాడు. బుడేన్‌బీ కారు కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఎత్తు సార్. అది మా కోసమే."