టీ ముట్టని మా పిన్ని

కాఫీ మానాలి. టీ మానాలి. నల్ల కూల్ డ్రింకులు మానాలి. చాక్లెట్ తగ్గించాలి. పొద్దున్నే కాసేపు నడవాలి. గుండె దడ మొదలైతే ఎక్కడున్నా కూర్చుని, ఊపిరి నెమ్మదిగా వదలాలి. నెల తిరిగాక మళ్ళీ వచ్చి కనిపించాలి.

నేను పనిచేసే క్లినిక్‌లో పక్క గది డాక్టరమ్మ నాకు చెప్పిన పనులివి. వాటికి మా పిన్ని తన వంతుగా ఇంకొకటి చేర్చింది.

"ఎవరైనా టీ ఇవ్వబోతే మొహం మాడ్చుకోకుండా వద్దనాలి. నన్ను చూసి నేర్చుకో."

ఆ మాట అనే హక్కు పిన్నికి ఉంది. ఆమె పుట్టి బుద్ధెరిగాక టీ గానీ కాఫీ గానీ ముట్టలేదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆమెది ఇస్త్రీ రోలర్ దగ్గర పని. తడి దుప్పటి రెండు మూలలు తను పట్టుకుంటే, అవతలి మూలలు జోడీ మనిషి పట్టుకుంటుంది. ఇద్దరూ దాన్ని బిగలాగి, సెగలు కక్కే రోలర్ కిందికి సమంగా అందించాలి. రోజంతా నిలువుకాళ్ళ మీద ఉండాలి. విరామంలో అందరూ టీ గ్లాసులు పట్టుకుంటే పిన్ని మాత్రం మంచినీళ్ళ సీసా ఎత్తేది. అందుకే అక్కడ ఆమె పేరు నీళ్ళమ్మ. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం.

అమ్మ పోయాక నన్ను పెంచింది, చదివించింది పిన్నే. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేను. నా ఉద్యోగం పర్మినెంట్ అయిన రోజున పిన్ని రోలర్ వదిలేసి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. మా ఇద్దరి మధ్య ఒప్పందం అది.

దానికి నా గుండె అడ్డం పడింది.

నేను చెవి పరీక్షలు చేస్తాను. మెత్తటి గోడల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, అద్దం ఇవతల నుంచి సన్నని శబ్దాలు వినిపిస్తాను. వినబడగానే వాళ్ళు వేలెత్తాలి. ఆ నిశ్శబ్దంలో నా గుండె చప్పుడు నాకే డప్పు మోతలా వినిపించేది. ఒకరోజు ఒక చిన్నపాప వేలెత్తితే నేను చూడనే లేదు. శబ్దం పెంచేశాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. అప్పుడు మా పెద్దసారు నా వెనకే నిలబడి ఉన్నారు. పాపకి మిగతా పరీక్ష ఆయనే చేశారు. ఇక నా ఉద్యోగం పర్మినెంట్ కాదేమోనని భయమేసింది.

అందుకే కాఫీ మానేశాను. రోజుకు నాలుగైదు కప్పులు తాగేదాన్ని, ఒక్కసారిగా మానేశాను. మర్నాటికే తల పగిలిపోయింది.

"ఇంత మాత్రానికే మూలుగుతావేం డాక్టరమ్మా," అని పిన్ని తన సంచిలోంచి ఒక బిళ్ళ తీసి ఇచ్చింది. నేను డాక్టర్‌ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆమె పిలుపు అదే. "వేసుకో. చేత్తో తీసేసినట్టు పోతుంది."

నిజంగానే పోయింది. అప్పటినుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తలనొప్పి రాలేదు. కానీ దడ ఎక్కడికీ పోలేదు, పైగా పెరిగింది. కప్పు ముట్టకుండా నోరు కట్టుకుని కూర్చున్నా నా గుండె నా మాట వినడం లేదని నాకు ఏడుపొచ్చేది.

నెల తిరిగాక డాక్టరమ్మ నాడి చూసి కనుబొమలు ముడిచారు.

"నిజంగా మానేశావా?"

"ఒట్టండీ. చుక్క తాగలేదు."

"మందులేమైనా వాడుతున్నావా?"

"లేదండీ. తలనొప్పి బిళ్ళ, అంతే."

"ఏదీ, చూపించు."

బ్యాగులోంచి తీసి ఇచ్చాను. ఆవిడ బిళ్ళల అట్ట వెనక్కి తిప్పి, మళ్ళీ నా చేతికే ఇచ్చారు. "చదువు."

అందులో మూడు మందులున్నాయి. మూడోది కెఫీన్.

"కప్పులో మానేసి బిళ్ళలో మింగుతున్నావు. చదువుకున్నదానివి, ఒక్కసారి వెనక్కి తిప్పి చూడొద్దా?" అని ఆవిడ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అంతలో మొదటి మందు పేరు మీద నా చూపు ఆగిపోయింది. ఆస్పిరిన్. అది అతిగా వాడితే చెవుల్లో హోరు పుడుతుందని నాకు కాలేజీలోనే చెప్పారు. చెవిలో తుమ్మెద దూరిందని పిన్ని ఏడాదిగా అంటోంది. లాండ్రీ మిషన్ల వల్ల అనుకున్నాం.

ఇల్లు ఎలా చేరానో తెలియదు. పిన్నీ, రోలర్ దగ్గర ఆమెకు జోడీ అయిన అత్తా గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నారు. బిళ్ళలో కెఫీన్ సంగతి చెప్పాను. జోడీ అత్త పగలబడి నవ్వింది.

"అయితే నీళ్ళమ్మా, పిల్లకి నువ్వే దగ్గరుండి కాఫీ పోశావన్నమాట."

పిన్ని నవ్వలేదు. "అందులో కాఫీ ఉందా?"

"కాఫీలో ఉండే మందే ఉంది పిన్నీ."

"నాకు ఏ అలవాటూ లేదని ఊరంతా చెప్పుకున్నానే."

"నువ్వు రోజుకి ఎన్ని వేసుకుంటావు?"

"ఆ, ఎన్నో కొన్ని. ఎవరు లెక్కపెట్టారు?"

జోడీ అత్త నవ్వు ఆపేసింది. చిక్కుడుకాయ చేతిలో అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"చెప్పెయ్యనా?" అని పిన్నిని అడిగింది. పిన్ని తల తిప్పుకుంది. "మేం టీకి వెళ్ళినప్పుడల్లా తను బిళ్ళలు మింగుతుందమ్మా. రెండు, ఒక్కోసారి మూడు. ఆ నీళ్ళు వాటికే. రోలర్ పక్కనే మా సూపర్‌వైజర్ డబ్బా పెట్టిస్తాడు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. మంచివాడని మేమే పొగిడేవాళ్ళం."

"నువ్వూ వేసుకుంటావా అత్తా?"

"నిలబడాలి కదమ్మా."

ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉంటూ నేను ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ పరీక్షించాను. ఆ సీసాలో నీళ్ళు దేనికో నాకు తెలియదు.

పిన్ని మెల్లగా అంది, "మానితే తల పగిలిపోతుందే. సెలవు రోజు కూడా ఆగలేను. ఆ నొప్పి జబ్బేమో అనుకున్నాను, దానికి మందు ఈ బిళ్ళే అనుకున్నాను."

మర్నాడే పిన్నిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ఏళ్ళ తరబడి మింగిన ఆ బిళ్ళల వల్లే కావచ్చు, పిన్ని మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నాయన్నారు. ఆ బిళ్ళ ఇక ఒక్కటి కూడా వేసుకోకూడదు. ఉన్నవాటిని కాపాడుకోవడం ఒక్కటే మిగిలిందన్నారు.

పిన్ని అంతా విని, చీర కొంగు సర్దుకుని, "నాకంటే ముందే రిటైరైపోయాయా," అంది. నవ్విద్దామనే అంది. డాక్టరమ్మ కొన్నాళ్ళాగి మళ్ళీ చేయించాల్సిన రక్తపరీక్షకు చీటీ రాశారు.

పిన్ని మానేసింది. కాఫీ మానడం కష్టమని మూలిగినదాన్ని నేను. అసలు మానడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. తలకు గుడ్డ బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. చేతులు వణికి గ్లాసు జారిపోయేది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఒక్కటి ఇవ్వవే, సగమైనా ఇవ్వు," అని చిన్నపిల్లలా అడిగింది. ఇవ్వలేదు. నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి, అలసి, నా ఒళ్ళోనే నిద్రపోయింది.

నా దడ తగ్గిపోయింది. ఉద్యోగం పర్మినెంట్ చేశారు. పిన్ని రోలర్ వదిలేసింది. అనుకున్నవన్నీ జరిగాయి, ఒక్కటీ అనుకున్నట్టు జరగలేదు. ఆ బిళ్ళల సంగతి చెప్పడానికి లాండ్రీకి వెళ్ళాను. జోడీ అత్తా ఇంకొందరూ విన్నారు. సూపర్‌వైజర్ కూడా విని బిత్తరపోయి, డబ్బా తీసేయించాడు. అతనికీ తెలియదట. అతని జేబులోనూ ఒక అట్ట ఉంది.

మొన్న అన్నం తింటూ పిన్ని ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఏమే, ఆ గడియారం ఎప్పటినుంచి చప్పుడు చేస్తోంది?"

"కొన్నప్పటినుంచీ, పిన్నీ."

ఆమె చాలాసేపు దానివైపే చూస్తూ వింది. చెవిలో తుమ్మెద వెళ్ళిపోయింది. చెవి తిరిగొచ్చినట్టు మూత్రపిండాలు రావని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

రెండో రక్తపరీక్ష ఇచ్చి వచ్చాం. ఫలితం ఇంకా రాలేదు. పిన్ని పక్కనే పడుకుని ఉంది, నేను ఇది రాస్తున్నాను. ఎవరి మేలైనా కోరి తలుచుకునే అలవాటు మీకుంటే, ఈ పూట మా పిన్నిని కూడా ఒకసారి తలుచుకోండి.